ఒక్క దెబ్బ, రెండు కేసులు

"నిన్నెవరూ కొట్టలేదు కదా అబ్బాయ్, మరి ఆత్మరక్షణ ఎలా అవుద్ది?"

ఈ మాట నన్ను మొదట అడిగింది స్టేషన్ రైటరు. తరవాత ఊరి పెద్దమనుషులు అడిగారు, జామీను ఇవ్వడానికి వచ్చిన మావయ్య కూడా అదే అడిగాడు. తప్పు వాళ్లది కాదు, మనం వాడే మాటది. 'ఆత్మరక్షణ' అనేసరికి ఎవరిని వాళ్లు కాపాడుకునే హక్కు అనే అందరికీ తోస్తుంది. చట్టం వాడిన మాట ప్రైవేట్ డిఫెన్స్. భారతీయ న్యాయ సంహిత 35వ సెక్షన్ ప్రకారం మన శరీరాన్ని కాపాడుకునే హక్కు ఎంతుందో, వేరే ఏ మనిషి శరీరాన్నయినా కాపాడే హక్కూ అంతే ఉంది. ఆ మనిషి మనకు చుట్టం కానక్కర్లేదు, ముఖపరిచయం కూడా అక్కర్లేదు. ఇదేమీ కొత్తగా వచ్చింది కాదు. 1860 నాటి ఐపీసీలో 97వ సెక్షన్‌గా ఉన్నదే 2024 జూలై 1 నుంచి నంబరు మారి 35 అయింది.

మా కోనసీమలో కాలవ గట్టు మీద, కొబ్బరి దింపు కూలి లెక్క దగ్గర మాటామాటా పెరిగి ఒకతను బొండాల కత్తి దూశాడు. ఆ కత్తి దింపు కార్మికుడి మెడ మీదకి వచ్చింది. ఆయన ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు, అరచెయ్యి తెగింది. కత్తి రెండోసారి పైకి లేచింది. పక్కనే అరటి గెలలకు పోటు పెట్టే వెదురు గెడ ఉంది. అది తీసి, లేచిన చేతి మీద ఒక్క దెబ్బ వేశాను. కత్తి జారి కాలవలో గుర్రపుడెక్క మీద పడింది, అతని ముంజెయ్యి విరిగింది. మొత్తం అర నిమిషం పట్టి ఉంటుంది. ఆ అర నిమిషాన్ని ఆసుపత్రి, స్టేషను, కోర్టు పద్దెనిమిది నెలల పాటు ముక్కలు చేసి చూశాయి. ఏ ముక్క దగ్గర ఏం చూస్తారో, ఎక్కడ పొరపాటు పడతామో తెలిసి ఉంటే అడ్డుపడేవాడికి ధైర్యం ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు గొంతు, తరవాతే గెడ. ఇది పిరికితనం కాదు, పద్ధతి. "ఏయ్, కత్తి దించు!" అని గట్టిగా అరవడం వల్ల ఒక్కోసారి దెబ్బ వేయాల్సిన పనే పడదు. ఆ కేకకు జనం తల తిప్పుతారు కాబట్టి సాక్షులు దొరుకుతారు. మన ఉద్దేశం ఆపడమే కానీ కొట్టడం కాదని రేపు కోర్టులో చెప్పడానికీ ఆ కేకే ఆధారం. అక్కడి టీ బడ్డీ ఆయన సాక్ష్యంలో మొదటి వాక్యం ఇదే: "ముందు కేక వినపడిందండి, అప్పుడు చూశాను."

కేక వేసే ఆ రెండు క్షణాల్లోనే ఇంకొకటి తేల్చుకోవాలి: ఎవరు దాడి చేస్తున్నారు, ఎవరు కాచుకుంటున్నారు? మనం చాలాసార్లు గొడవ మధ్యలోనే చూస్తాం. ముందు కత్తి తీసినవాడి చేతిలోంచి అవతలివాడు దాన్ని లాక్కుని ఉండవచ్చు. మనకు కనపడేది కత్తి పట్టుకున్న రెండోవాడే. మంచి మనసుతో పొరపడ్డవాడికి 17వ సెక్షన్ కింద రక్షణ ఉంది. కానీ చట్టంలో 'మంచి మనసు' అంటే ఊరికే మంచి ఉద్దేశం కాదు, తగిన జాగ్రత్త తీసుకుని చేసిందీ అని. ఏమీ చూడకుండా మనవాడని దూకితే ఆ జాగ్రత్త లేనట్టే. ఇరువైపులా కర్రలు పట్టుకుని సై అంటే సై అని దిగితే కోర్టులో దాన్ని ఫ్రీ ఫైట్ అంటారు. అందులో ఏ పక్షానికీ ప్రైవేట్ డిఫెన్స్ మామూలుగా దొరకదు.

దెబ్బ పడేదాకా ఆగక్కర్లేదు. ప్రాణానికో, ఒంటికో ప్రమాదమని సహేతుకంగా భయం కలిగిన క్షణాన హక్కు మొదలవుతుందని 40వ సెక్షన్ చెబుతుంది. ఆ భయం ఉన్నంతసేపే హక్కు ఉంటుంది. మా కేసులో అందరికంటే ఎక్కువ నష్టపోయింది ఈ రెండో సగం తెలియని ఇద్దరు కుర్రాళ్లు. కత్తి నీళ్లలో పడ్డాక పరిగెత్తుకొచ్చారు. విరిగిన చెయ్యి పట్టుకుని కూలబడ్డ మనిషిని వీపు మీద, మొహం మీద పిడికిళ్లతో గుద్దారు. వాళ్ల మనసులో అదీ సాయమే. నిజానికి అప్పటికి కాపాడాల్సిన పని అయిపోయింది, మిగిలింది కోపం. అదే గట్టు, అదే నిమిషం, అదే పక్షం. అయినా నా దెబ్బకు చట్టం తోడొచ్చింది, వాళ్ల దెబ్బలకు రాలేదు. పై పళ్లలో ఒకటి ఊడి ఉంటే వాళ్ల మీదా పెద్ద సెక్షనే పడేది. పన్ను విరిగినా ఊడినా 116వ సెక్షన్ ప్రకారం తీవ్ర గాయమే.

ఎంత గట్టిగా కొట్టొచ్చు అన్నది జనం ఎక్కువగా అడిగే ప్రశ్న. 37వ సెక్షన్ చెప్పేది, కాపాడటానికి అవసరమైనంతకు మించి హాని చేయకూడదని. ప్రాణభయం, తీవ్ర గాయం భయం, అత్యాచారం, ఎత్తుకుపోవడం, యాసిడ్ లాంటివి ఎదురైనప్పుడు ఈ హక్కు దాడి చేసినవాడి ప్రాణం దాకా వెళుతుందని 38 చెబుతుంది. మెడ మీదకి కత్తి లేచింది కాబట్టి చెయ్యి విరగడం దానంతట అది 'మించడం' కాదు. అయినా 37 పట్టు వదలదు. తల మీద కొట్టే వీలుండి చేతి మీద కొట్టావా, ఒకటితో కత్తి జారితే రెండోది వేశావా అని చూస్తారు. అదే సమయంలో నిమిషంలో వందోవంతులో తీసుకున్న నిర్ణయాన్ని బంగారం తూచే త్రాసులో తూచకూడదని సుప్రీంకోర్టు చాలా తీర్పుల్లో చెప్పింది. 2010లో దర్శన్ సింగ్ వర్సెస్ పంజాబ్ రాష్ట్రం తీర్పులో ఈ సూత్రాలన్నీ ఒకచోట కూర్చింది. దాడి ఎదురైతే పారిపోవడమే మనిషి ధర్మమని మన చట్టం అనదని కూడా అందులో ఉంది. మా ప్లీడరుగారు బ్యాగులో ఎప్పుడూ పెట్టుకు తిరిగిన తీర్పు అదే. హద్దు దాటి ప్రాణం పోతే మాత్రం కథ మారుతుంది. మంచి మనసుతో, పగ లేకుండా హద్దు దాటితే హత్య కాదు గానీ, హత్యగా పరిగణించని ప్రాణనష్టం కింద 105వ సెక్షన్ శిక్ష ఉంటుంది.

37లోనే ఇంకో మాట ఉంది. పోలీసుల దగ్గరకో, ప్రభుత్వ అధికారి దగ్గరకో వెళ్లే వ్యవధి ఉంటే ప్రైవేట్ డిఫెన్స్ హక్కు లేదు. మన ఊళ్లలో నిజంగా అడ్డుపడాల్సిన సందర్భాల్లో సగం ఈ రకమే. పక్కింట్లో రోజూ తాగొచ్చి భార్యను కొట్టే మనిషి విషయంలో, కొడుతున్న క్షణం కాకపోతే, కర్ర పని చేయదు, కాగితం పని చేస్తుంది. గృహహింస చట్టం 2005లో 4వ సెక్షన్ ప్రకారం ఎవరైనా సరే రక్షణాధికారికి సమాచారం ఇవ్వొచ్చు. మంచి మనసుతో ఇచ్చినవాళ్ల మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఏదీ ఉండదు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసినా చాలు. పిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిస్తే చెప్పడం దయ కాదు, విధి. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం చెప్పి తీరాలి, చెప్పకపోవడం 21వ సెక్షన్ కింద నేరం. నిశ్చయమైన బాల్యవివాహాన్ని మెజిస్ట్రేటు ఇంజంక్షన్‌తో ఆపించవచ్చు. హైవే మీద పడి ఉన్న మనిషిని ఆసుపత్రికి చేర్చినవాడికి మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఏ రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని, సాక్షిగా రమ్మని బలవంతం చేయకూడదు. రోడ్డు మీద రక్తం చూసి "కేసవుతుంది" అని పక్కకు తప్పుకునే రోజులు పోవాలి. ఆ భయానికి ఇప్పుడు చట్టంలో చోటు లేదు.

గట్టు మీద పని అయ్యాక మొదట చేయాల్సింది మూడు ఫోన్లు కాదు, ఒక్కటే: 112. ఆ కాల్‌కు సమయంతో సహా రికార్డు ఉంటుంది. టీ బడ్డీ ఆయన సాయంత్రం 5 గంటల 41 నిమిషాలకు చేసిన కాల్, తరవాత ఎదుటిపక్షం "ఆరున్నరకు మా మీద దాడి చేశారు" అని రాసుకున్న ఫిర్యాదును సగం కూల్చేసింది. దాడి చేసినవాడిని పట్టుకుని ఉంచొచ్చు. కళ్లముందు నాన్‌బెయిలబుల్ (బెయిల్ హక్కుగా దొరకని), పోలీసులు వారెంటు లేకుండా పట్టుకోగల నేరం చేసినవాడిని మామూలు మనిషి కూడా పట్టుకోవచ్చని, పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ చెబుతుంది. కానీ ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితిలోనూ ఆరు గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. కొబ్బరిచెట్టుకు కట్టేసి ఊరంతా వచ్చి చూసేదాకా ఉంచడం మన పల్లెల్లో ఉన్న అలవాటు. అది పట్టుకున్నవాళ్లనే ముద్దాయిలను చేస్తుంది.

తరవాత ఆసుపత్రి. ముగ్గురం వెళ్లాలి: దెబ్బ తిన్న దింపు కార్మికుడు, దాడి చేసినవాడు, అడ్డుపడ్డ నేను. నాకు మోచేతి దగ్గర చిన్న గీత మాత్రమే పడింది. "ఇంత దానికి ఎందుకులే" అని ఇంటికి వెళ్లబోతుంటే డ్యూటీ డాక్టరు ఆపి మెడికోలీగల్ రిజిస్టరులో రాయించారు. ఆ గీతే నేను కత్తికి దగ్గరగా ఉన్నానని చూపించింది. ఆసుపత్రి నుంచి స్టేషనుకు ఇంటిమేషన్ వెళుతుంది, హెడ్ కానిస్టేబుల్ వచ్చి స్టేట్‌మెంట్ రాసుకుంటారు. చేరినప్పుడు డాక్టరుతో చెప్పిన మొదటి మాట రిజిస్టరులో ఎక్కుతుంది: ఎవరు, దేనితో, ఎక్కడ, ఎన్ని గంటలకు. దింపు కార్మికుడు నొప్పిలో "గొడవలో తగిలింది" అంటే అదే ఎక్కేది. "కత్తితో మెడ మీదకి కొడితే చెయ్యి అడ్డం పెట్టాను" అని ఆయనే స్పష్టంగా చెప్పాడు. అరచేతి మీద అడ్డంగా తెగిన గాయం కత్తిని ఆపుకున్నప్పుడు పడేదని డాక్టరు తరవాత కోర్టులో చెప్పగలిగారంటే ఆ మొదటి మాట వల్లే.

ఎఫ్ఐఆర్ ముందు ఎవరిది పడితే వాళ్లదే పైచెయ్యి అన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. ఎదుటిపక్షం ఆ పరుగులోనే ముందు ఇచ్చింది. వాళ్ల క్రైమ్ నంబరు మాకంటే ఒకటి తక్కువ. దానివల్ల కోర్టులో ఏ తేడా రాలేదు. తేడా వచ్చింది మాటల్లో. వాళ్ల ఫిర్యాదులో "చంపాలనే ఉద్దేశంతో దుడ్డుకర్రతో విచక్షణారహితంగా కొట్టి" అని ఉంది. ఈ వాక్యం ఏ స్టేషన్లో చూసినా ఒక్కలాగే ఉంటుంది, రైటర్ల చేతికి అలవాటైపోయిన వాక్యం. మా వైపు ఫిర్యాదులో కూడా రైటరు అలాంటిదే రాయబోతే చదివించుకుని మార్పించాం. కత్తి ఏ చేతిలో ఉంది, ఎన్నిసార్లు లేచింది, కత్తి ఎక్కడ పడింది అన్నవే రాయమన్నాం. సంతకం పెట్టేముందు చదివి వినిపించమని అడగడం మన హక్కు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలని నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్‌లోనే ఉంది. స్టేషన్లో ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపొచ్చు, అక్కడా కదలకపోతే మెజిస్ట్రేటు దగ్గరకు వెళ్లొచ్చు.

ఎదుటిపక్షం ఫిర్యాదుతో మా మీద పడిన కౌంటరు కేసులో దింపు కార్మికుడు ఏ-1, నేను ఏ-2, ఆ కుర్రాళ్లిద్దరూ ఏ-3, ఏ-4. కత్తికి తెగిన మనిషే మొదటి ముద్దాయి. మొదట న్యాయ సంహిత 115(2) (మామూలు గాయం), 118(1) (ప్రమాదకరమైన ఆయుధంతో గాయం) పెట్టారు. ఎక్స్‌రేలో ఎముక విరిగిందని తేలాక సెక్షన్ మారుస్తూ కోర్టుకు ఆల్టరేషన్ మెమో వెళ్లింది, తీవ్ర గాయం సెక్షన్ 117(2) చేరింది. ఏడేళ్ల దాకా శిక్ష ఉన్నా అది బెయిలబుల్. అరెస్టు చేయకుండా, హాజరు కమ్మని నాగరిక సురక్షా సంహిత 35(3) నోటీసు ఇచ్చారు. పిలిచిన తేదీకి తప్పకుండా వెళ్లాలి, వెళ్లినట్టు సంతకం ఉండాలి. వెళ్లకపోతే ఆ ఒక్క కారణం మీదే అరెస్టు చేయవచ్చు. దీనికి తోడు రెండు పక్షాలనూ తహసీల్దారు దగ్గర బైండోవర్ చేశారు. బైండోవర్ శిక్ష కాదు, శాంతిగా ఉంటామని రాసిచ్చే పూచీకత్తు మాత్రమే. దాన్ని చూసి "కేసు రుజువైపోయింది" అని ఊళ్లో పుట్టే పుకారు నమ్మొద్దు.

పంచనామా రోజున అక్కడ ఉండటం మాకు బాగా పనికొచ్చింది. కొత్త చట్టంలో స్వాధీనం చేసుకునే ప్రతిదాన్నీ వీడియో తీయాలి. సెల్‌ఫోనుతోనే తీశారు. మధ్యవర్తుల సమక్షంలో గెడను స్వాధీనం చేసుకుంటూ కానిస్టేబుల్ "దుడ్డుకర్ర ఒకటి" అని రాయబోయాడు. టేపు పెట్టి కొలవమని అడిగాం. పొడవు 7 అడుగుల 2 అంగుళాలు, చుట్టుకొలత 6 అంగుళాలు, పై చివర అరటి నార రెండు చుట్లు కట్టి ఉంది. ఆ నార చిన్న విషయం కాదు. ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్న కర్రకు అరటి నార ఉండదు. గెల బరువుకు వాలిన చెట్టుకు కట్టి, ఆ చోటే పడి ఉన్న గెడకే ఉంటుంది. ముందే అనుకుని కొట్టడానికి వచ్చాం అన్న ఆరోపణకు ఆ రెండు చుట్ల నారే సమాధానం అయింది. కొలతలు, గుర్తులు లేకుండా రాసిన పంచనామాలో కర్ర కర్రే, ఎవరిదైనా కావచ్చు.

బడ్డీ ఎదురుగా ఉన్న ఎరువుల కొట్టుకు కెమెరా ఉంది. ఇలాంటి రికార్డర్లు డిస్కు నిండగానే పాతదాని మీదే కొత్తది రాసుకుంటూ పోతాయి. మూడోనాడే వెళ్లి దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా అడిగాం. ఫుటేజీ పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇస్తే సరిపోదు. పాత ఎవిడెన్స్ యాక్ట్ బదులు వచ్చిన సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అందులో మొదటి భాగం యంత్రం తాలూకు మనిషి నింపాలి, రెండో భాగం నిపుణుడు నింపాలి, ఫైలు మారలేదని చూపించే వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ రాయాలి. అది లేక ఎన్నో మంచి ఫుటేజీలు కోర్టులో పక్కన పడిపోతాయి. మాదాంట్లో గట్టు దూరంగా, మసకగా ఉంది. మొహాలు తెలియవు. కానీ ఒక చెయ్యి పైకి లేవడం, గెడ ఒకసారి పడటం, ఆ తరవాత గెడ పట్టుకున్న మనిషి రెండడుగులు వెనక్కి వెయ్యడం తెలుస్తుంది. వెనక్కి వేసిన ఆ రెండడుగుల గురించి మా ప్లీడరు వాదనలో పదిహేను నిమిషాలు మాట్లాడారు.

సాక్షుల సంగతి. టీ బడ్డీ ఆయనకు అరవై దాటాయి. ఆయన్ని స్టేషనుకు రమ్మని కబురు పెట్టారు. అరవై దాటిన మగవాళ్లను, ఆడవాళ్లను విచారణకు వాళ్ల ఇంటి నుంచి వేరే చోటుకు పిలవకూడదని నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షన్ చెబుతుంది. ఆ మాట చెప్పాక ఇంటికే వచ్చి రాసుకున్నారు. కత్తి దూసినవాడి మీది కేసులో హత్యాయత్నం సెక్షన్ 109 ఉంది కాబట్టి మెజిస్ట్రేటు దగ్గర అదే సంహిత 183 కింద ఆయన వాంగ్మూలం కూడా నమోదైంది. సాక్షి ఎదురుతిరగకుండా ఉండటానికి ఇది ఎంతో కొంత కట్టు. బెదిరింపులు వస్తే సాక్షుల రక్షణ పథకం ఉంది. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించినది, దరఖాస్తు జిల్లా స్థాయి కమిటీకి వెళుతుంది.

నాలుగో నెల నుంచి అసలు ఒత్తిడి మొదలైంది. "కేసుకి కేసు చెల్లు, రాజీ పడిపోండి." కౌంటరు కేసు పుట్టేదే ఇందుకు. మా మీది 117(2) కోర్టు అనుమతితో రాజీ పడదగ్గది. కత్తి కేసులోని 109 రాజీకి లొంగేది కాదు. కాబట్టి పెద్దమనుషులు చెప్పే రాజీ అంటే అర్థం ఒకటే: దింపు కార్మికుడు, టీ బడ్డీ ఆయన కోర్టుకొచ్చి "మాకేం తెలీదు" అనాలి. అంటే మెడ మీదకి వచ్చిన కత్తి రాలేదని చెప్పాలి. దానికి దింపు కార్మికుడు ఒప్పుకోలేదు, ఆయన ఒప్పుకోనప్పుడు నేను ఒప్పుకోవడానికి లేదు. చెట్టుకింత అని దింపు కూలితో బతికే మనిషి అరచేతి నరం దెబ్బతిని రెండు నెలలు చెట్టెక్కలేదు. ఆయనకు వాయిదాలకు బస్సు ఖర్చే భారం. న్యాయ సేవల చట్టం 1987 కింద ఉచిత ప్లీడరుకు 15100కి ఫోన్ చేసి, మండల న్యాయ సేవల కమిటీలో దరఖాస్తు పెట్టాం.

ఇక్కడ ఒక మాట మనసులోంచి చెప్పాలి. నిండు సభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు పెద్దలంతా తల దించుకుంటే లేచి మాట్లాడినవాడు కౌరవుల్లోనే ఒకడు, వికర్ణుడు. ఆయన మాట ఎవరూ వినలేదు, ఆపగలిగిందీ లేదు. అయినా ఆ సభలో ఎవరు ఏం చేశారని చెప్పుకునేటప్పుడు ఆయన పేరూ మిగిలింది. మన చట్టం మామూలు పౌరుణ్ణి అడ్డుపడి తీరాలని నిర్బంధించదు, అడ్డుపడితే తోడుంటానంటుంది. నిర్బంధం లేదు కాబట్టే ఆ పని విలువైనదని నేను నమ్ముతాను. "మనకెందుకు" అన్న మాట కోనసీమలో ఎంత మర్యాదగా అన్నా, ఆ రోజు గట్టు మీద దానికి అర్థం ఒక మనిషి మెడ.

కోర్టులో మొదటి పని రెండు కేసులూ ఒకే జడ్జి ముందుకు తేవడం. 109 సెషన్స్ కేసు, మా మీదిది మెజిస్ట్రేటు కేసు. వేరువేరు చోట్ల నడిస్తే ఒకే సంఘటన మీద రెండు రకాల తీర్పులు రావచ్చు. కేసు, కౌంటరు కేసు ఒకే జడ్జి విచారించాలని, ఒకదాని సాక్ష్యం ఇంకోదానిలో కలపకుండా ఒకదాని వెంట ఒకటి తీర్పు చెప్పాలని సుప్రీంకోర్టు 1990లో నాథీ లాల్ కేసులో చెప్పింది. మెమో వేసి మాదాన్నీ సెషన్స్‌కు కమిట్ చేయించారు, అంటే పంపించారు. ఇది మొదట్లోనే చేయించకపోతే తరవాత చాలా కష్టం.

ఇక మా మొదటి ప్లీడరు ఇచ్చిన సలహా: "మేం అసలు అక్కడ లేం అందాం." చాలామంది ఇదే చేస్తారు, ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. కొట్టలేదు అంటే ప్రైవేట్ డిఫెన్స్ గురించి మాట్లాడటానికి నోరుండదు. ముద్దాయి ఆ మాట ఎత్తకపోయినా సాక్ష్యంలో కనిపిస్తే కోర్టు పరిగణించవచ్చని 1968 నాటి మున్షీ రామ్ తీర్పు ఉంది, నిజమే. కానీ జరిగినదాన్ని జరిగినట్టు ఒప్పుకుని ఎందుకో చెప్పడం కన్నా గట్టి దారి లేదు. ప్లీడరును మార్చుకున్నాం. దెబ్బ వేశాను, ఒక్కటి వేశాను, కత్తి లేచిన చేతి మీద వేశాను. మొదటి క్రాస్ ఎగ్జామినేషన్ నుంచి నాగరిక సురక్షా సంహిత 351 కింద జడ్జిగారు ముద్దాయిని అడిగే ప్రశ్నల దాకా ఇదే మాట.

రుజువు భారం మన మీదే ఉంటుంది, సాక్ష్య అధినియమం 108 ప్రకారం. కానీ పోలీసులు రుజువు చేయాల్సినట్టు సందేహాతీతంగా కాదు, అలా జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని చూపిస్తే చాలు. బోనెక్కి సాక్ష్యం చెప్పి తీరాలనీ లేదు, ఎదుటి సాక్షుల క్రాస్‌లోంచే రాబట్టొచ్చు.

మాకు అన్నిటికన్నా కష్టమైంది ఎక్స్‌రే. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి. చిటికెనవేలి వైపు ఉన్నది అల్నా, అది ఒక్కటే మధ్యలో విరిగింది. తల మీద పడే కర్రను కాచుకోవడానికి చెయ్యి ఎత్తినప్పుడు సరిగ్గా అదే ఎముక అలా విరుగుతుందని వైద్యశాస్త్రంలో ఉన్నమాటే. ప్రాసిక్యూషన్ అదే పట్టుకుంది: అతను తల కాచుకున్నాడు, మీరు తల మీద కొట్టబోయారు. మా ప్లీడరు డాక్టరును అడిగిన ప్రశ్న ఒక్కటే. "చేతిలో కత్తి ఉండి కొట్టడానికి ఎత్తినప్పుడు పక్క నుంచి దెబ్బ పడితే ఇదే విరుగుడు రావచ్చా?" "రావచ్చు" అన్నారు డాక్టరు. గాయం రెండు కథలకూ సరిపోతుందన్నమాట. అప్పుడు తేల్చేది మిగతా సాక్ష్యం. ఎదుటి ఫిర్యాదులో దింపు కార్మికుడి అరచెయ్యి ఎలా తెగిందో ఒక్క ముక్క లేదు. ముద్దాయి ఒంటి మీది గాయానికి ప్రాసిక్యూషన్ సంజాయిషీ ఇవ్వకపోతే వాళ్ల కథనే అనుమానించవచ్చని 1976లో లక్ష్మీ సింగ్ కేసులో చెప్పారు. కత్తి, అరచెయ్యి, 112 కాల్, కేక, నార, వెనక్కి వేసిన అడుగులు. అన్నీ ఒకే వైపు నిలబడ్డాయి.

తీర్పులు ఒకే రోజు వచ్చాయి. కత్తి కేసులో చంపే ఉద్దేశం రుజువు కాలేదని 109 పోయింది, 118(1) కింద శిక్ష పడింది. మా కేసులో ఏ-1, ఏ-2 నిర్దోషులు. ఏ-3, ఏ-4కి 115(2) కింద తలా 2,000 జరిమానా. "ప్రమాదం ముగిసిన తరువాత" అన్న మాట ఆ పేరాలో మూడుసార్లు ఉంది.

సర్టిఫైడ్ కాపీకి ఆ రోజే దరఖాస్తు పెట్టుకోవాలి. పాస్‌పోర్టు విచారణకో, ఉద్యోగానికో రేపు ఎవరు అడిగినా పాత ఎఫ్ఐఆర్ ముందు కనపడుతుంది, దాని పక్కన చూపించడానికి ఈ కాగితమే ఉండాలి. ఆఖరి పేజీలో ఎంఓల గురించి, అంటే కేసులో చూపిన వస్తువుల గురించి ఉంటుంది. ఎంఓ-1 బొండాల కత్తి, ఎంఓ-2 వెదురు గెడ, అప్పీలు గడువు తీరాక ధ్వంసం చేయాలి అని రాసి ఉంది. తీర్పు రోజున ఆ గెడ బెంచి క్లర్కు బల్ల పక్కన గోడకు ఆనించి ఉంది. అరటి నార ఎండి గోధుమరంగు తిరిగింది, చుట్లు మాత్రం రెండూ అలాగే ఉన్నాయి.